ఫ్యాక్టరీలు ఇక్కడ, డ్రాయింగులు మరోచోట: ఆటోమేషన్‌లో ఎలక్ట్రికల్ డిజైన్ పని

సంక్షిప్తంగా: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆటోమేషన్‌తో నడిచే ఫ్యాక్టరీలు పెరిగాయి. ఆ మెషిన్లకు కంట్రోల్ ప్యానెళ్లు (మెషిన్‌ను నడిపే ఎలక్ట్రికల్ పరికరాలుండే పెట్టెలు) డిజైన్ చేసే ఉద్యోగాలు మాత్రం అదే వేగంతో పెరగలేదు. మెషిన్ ఎక్కడ తయారవుతుందో డిజైన్ కూడా అక్కడే జరగడం దీనికి ప్రధాన కారణం. మామిడి పల్ప్, డెయిరీ, గ్రానైట్ యూనిట్లలో పాత ప్యానెళ్లను మార్చే పని ఇక్కడే పుడుతుంది కాబట్టి, స్థానిక డిజైన్‌కు ముందుగా చోటు దొరికేది అక్కడే.

ఈఈఈ చదివిన పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న తరచుగా వస్తోంది: పక్కనే ఇన్ని కంపెనీలు ఉండగా డిజైన్ ఉద్యోగానికి చెన్నైకో, బెంగళూరుకో ఎందుకు పోవాలి? ప్రశ్నలో న్యాయం ఉంది. శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టమ్ మెట్రో బోగీలు, డైకిన్ ఏసీలు, మాండలీజ్ చాక్లెట్లు తయారవుతున్నాయి. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వచ్చాయి. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు అంతకు చాలా ముందునుంచీ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇవన్నీ తిరుపతి జిల్లా లెక్కలోకి వచ్చాయి. పల్ప్ ఫ్యాక్టరీలు రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఇన్నిచోట్ల మోటార్లు, సెన్సార్లు, పీఎల్‌సీలు (మెషిన్‌ను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్లు) నడుస్తున్నప్పుడు వాటి డ్రాయింగులు ఎవరు గీస్తున్నారు, ఎక్కడ గీస్తున్నారు అన్నది తెలిస్తేనే ఉద్యోగాల సంగతి అర్థమవుతుంది.

ఏ పనికి ఏ పేరు

‘ఎలక్ట్రికల్ డిజైన్’ అనే పేరు కింద నాలుగు రకాల పనులు కలిసిపోయాయి. అపార్టుమెంట్లకు, ఆసుపత్రులకు లైటింగ్, కేబుళ్లు లెక్కగట్టేది ఒకటి. సబ్‌స్టేషన్ల డిజైన్ ఇంకొకటి. పీఎల్‌సీలో ప్రోగ్రామ్ రాయడం మూడోది. ఈ వ్యాసం నాలుగోదాని గురించి: ఒక మెషిన్‌కు లేదా ప్రొడక్షన్ లైన్‌కు కావలసిన పవర్, కంట్రోల్ సర్క్యూట్లను నిర్ణయించి, ప్యానెల్ డ్రాయింగులుగా తయారుచేసే పని. ప్రోగ్రామర్‌కు ఏ ఇన్‌పుట్ ఎక్కడ వస్తుందో, వైర్‌మన్‌కు ఏ వైరు ఏ టెర్మినల్‌లో పెట్టాలో, స్టోర్స్‌కు ఏ కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే, తెంచే స్విచ్) కొనాలో చెప్పేది ఈ డ్రాయింగే. చిన్న కంపెనీల్లో డిజైన్, ప్రోగ్రామింగ్, కమిషనింగ్ (సైట్‌లో మొదటిసారి నడిపి సరిచూడటం) మూడూ ఒకరే చేస్తారు. పెద్దవాటిలో మూడు వేర్వేరు టీములు ఉంటాయి. ఉద్యోగ ప్రకటనలో పేరు ఒకటే ఉన్నా లోపలి పని మారిపోవడానికి కారణం ఇదే.

పల్ప్ లైన్ ఉదాహరణగా

పని లోతు తెలియాలంటే చిత్తూరు ప్రాంతానికి బాగా తెలిసిన మామిడి పల్ప్ లైన్‌నే తీసుకోవచ్చు. తోతాపురి కాయ మాగిన తర్వాత కడగడం, ఏరడం, టెంకె తీయడం, పల్పర్‌లో గుజ్జు తీయడం, వేడి చేయడం, స్టెరిలైజ్ చేసి బ్యాగుల్లో నింపడం వరుసగా జరుగుతాయి. ప్రతి దశలో మోటార్లు, వాల్వులు, సెన్సార్లు ఉంటాయి. డిజైనర్ ముందుగా వీటి జాబితా తయారుచేస్తారు. ఎన్ని మోటార్లు, ఎంత లోడు, ఎన్ని ఇన్‌పుట్లు, ఎన్ని ఔట్‌పుట్లు అన్నది తేలాకే డ్రాయింగ్ మొదలవుతుంది.

పల్పర్‌కు 7.5 కిలోవాట్ల మోటార్ ఉందనుకుందాం. 415 వోల్టుల త్రీఫేజ్‌లో ఇది ఫుల్ లోడు మీద దాదాపు 14 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా లైన్ మీద స్టార్ట్ చేస్తే ఆ క్షణంలో దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. ఆ కరెంటును తగ్గించడానికి స్టార్-డెల్టా స్టార్టర్ పెట్టడం పాత అలవాటు. స్టార్‌లో లైన్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, దాంతోపాటు మోటార్ తిప్పే బలం కూడా మూడో వంతే అవుతుంది. ఖాళీ పల్పర్‌కు అది చాలవచ్చు. నడుస్తుండగా కరెంటు పోయి, లోపల గుజ్జు నిండి ఉండగా మళ్లీ స్టార్ట్ చేయాల్సి వస్తే చాలకపోవచ్చు. మోటార్ గునుస్తుంది, మోటార్‌ను కాపాడే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంది, మనుషులు పల్పర్ విప్పి చేత్తో గుజ్జు తోడాలి. స్టార్-డెల్టా పెట్టాలా, వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టాలా అనే నిర్ణయం ధరల పట్టిక చూసి తీసుకునేది కాకపోవడం ఇందుకే. మెషిన్ ఏ స్థితిలో ఆగి, ఏ స్థితిలో మళ్లీ లేస్తుందో డిజైనర్‌కు తెలిసి ఉండాలి.

స్టెరిలైజర్ దగ్గర లెక్క ఇంకా సున్నితం. గుజ్జు కావలసిన వేడికి చేరకపోతే అది ఫిల్లర్ (బ్యాగుల్లో నింపే మెషిన్) వైపు పోకూడదు, వెనక్కి ట్యాంకులోకి మళ్లాలి. ఆ మళ్లింపు వాల్వుకు కరెంటు గానీ, గాలి ప్రెజర్ గానీ పోతే అది ఎటు తిరగాలి? లోపలి స్ప్రింగ్ దాన్ని వెనక్కి మళ్లించే వైపే నెట్టాలి. కరెంటు ఉన్నంతవరకు, వేడి సరిపోయినంతవరకు మాత్రమే ఫిల్లర్ దారి తెరుచుకుని ఉండాలి. అంటే వాల్వును కరెంటుతో కదిలించే సోలనాయిడ్ రకం దగ్గరే భద్రత తేలిపోతుంది. ప్రోగ్రామ్ అంతా అయ్యాక సరిదిద్దగలిగే విషయం కాదిది.

వేడిని కొలిచే సెన్సార్ దగ్గర చాలామందికి తట్టని చిక్కు ఉంది. ఎక్కువగా వాడే పీటీ-100 సెన్సార్ రెసిస్టెన్స్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర దాదాపు 138.5 ఓమ్‌లు. వేడి పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. మరి వైరు తెగితే? రెసిస్టెన్స్ అనంతం అవుతుంది, అంటే సెన్సార్‌ను చదివే పీఎల్‌సీ కార్డు దాన్ని చాలా ఎక్కువ వేడిగా చదివే వీలుంది. ‘వేడి సరిపోయింది’ అని మాత్రమే చూసే ప్రోగ్రామ్ అప్పుడు పచ్చి గుజ్జును ఫిల్లర్‌లోకి పంపేస్తుంది. దీన్ని ఆపడానికి వైరు తెగినట్టు గుర్తించే కార్డు ఎంచుకోవాలి, లేదా తప్పు జరిగితే సిగ్నల్ కిందికి పడిపోయేలా సెట్ చేసిన 4-20 మిల్లీఆంపియర్ ట్రాన్స్‌మిటర్ పెట్టాలి. ఈ సిగ్నల్ సున్నా నుంచి కాకుండా 4 దగ్గర మొదలవడానికి ఒక ముఖ్య కారణం ఇదే: 4 అంటే కనిష్ఠ విలువ, సున్నా అంటే వైరు తెగింది. పైకి చిన్న సెట్టింగ్. ఒక రోజు ప్యాక్ చేసిన సరుకంతా దాని మీద ఆధారపడుతుంది.

ఇవన్నీ తేలాక సర్క్యూట్ డ్రాయింగ్, ప్యానెల్ లోపలి అమరిక, టెర్మినళ్ల పట్టిక, కేబుళ్ల పట్టిక, కొనాల్సిన సామాను జాబితా వస్తాయి. ప్యానెల్ తయారయ్యాక ఆ వర్క్‌షాపులోనే టెస్ట్ చేస్తారు, తర్వాత సైట్‌లో కమిషనింగ్. అక్కడ మారినవన్నీ మళ్లీ డ్రాయింగులోకి ఎక్కించాలి. ఎక్కువచోట్ల ఎగిరిపోయే దశ ఈ చివరిదే.

ఎండ, తేమ, దుమ్ము

ప్యానెల్ డిజైన్ ఊరిని బట్టి మారుతుందంటే కొత్తవారు నమ్మరు. లో-వోల్టేజ్ ప్యానెళ్లకు వర్తించే ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణాల సంస్థ) 61439 ప్రమాణం ఇండోర్ ప్యానెల్ బయటి గాలి వేడిని గరిష్ఠంగా 40 డిగ్రీలు, 24 గంటల సగటు 35 డిగ్రీలు అని తీసుకుంటుంది. మే నెలలో తిరుపతి, రేణిగుంటల్లో పగటి వేడి 40 దాటడం మామూలే. రేకుల షెడ్డు కింద, బాయిలర్ పక్కన ఉన్న ప్యానెల్ చుట్టూ ఇంకా ఎక్కువే ఉంటుంది. పల్ప్ సీజన్ కూడా ఎక్కువగా మే నుంచి జులై మధ్యే కాబట్టి, ఏడాదిలో ప్యానెల్ మీద అత్యధిక లోడు పడేది అత్యధిక ఎండలోనే.

లోపలి పరికరాలు కూడా వేడి పుట్టిస్తాయి. 22 కిలోవాట్ల డ్రైవ్‌లో మూడు శాతం నష్టం అనుకున్నా 660 వాట్ల వేడి మూసిన పెట్టెలోనే వెలువడుతుంది. ఫ్యాన్, ఫిల్టర్ పెడితే సరిపోదా అంటే, ఫ్యాన్ లోపలికి తెచ్చేది బయటి గాలినే. బయట 43 ఉంటే లోపల 43 కన్నా తగ్గే ప్రశ్నే లేదు. చాలా డ్రైవ్‌లు 40 డిగ్రీల దాకా పూర్తి సామర్థ్యం ఇచ్చి, ఆపైన తగ్గించి వాడాలని కేటలాగ్‌లోనే చెబుతాయి. కాబట్టి ఒక సైజు పెద్ద డ్రైవ్ తీసుకోవాలి, లేదా ప్యానెల్ ఏసీ పెట్టాలి, లేదా ప్యానెల్‌నే వేరే గదిలోకి మార్చాలి. మూడోది అన్నిటికన్నా చవక, మన్నిక ఎక్కువ. లేఅవుట్ గీసే రోజే అడిగితే తప్ప ఆ గది దొరకదు.

జిల్లా తూర్పున లెక్క వేరు. శ్రీసిటీ, తడ వైపు పులికాట్, సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. ఏసీ పెట్టిన ప్యానెల్ తలుపు తెరిస్తే చల్లటి లోహం మీద నీరు పడుతుంది. అక్కడ తలుపు తెరవగానే ఏసీ ఆగే స్విచ్, తేమను పోగొట్టే చిన్న హీటర్ అవసరమవుతాయి. చిత్తూరు వైపు గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లలో నీళ్లు, రాతిపొడి కలిసిన బురద ఫిల్టర్లను త్వరగా మూసేస్తుంది. అక్కడ ఫ్యాన్ పెట్టిన ప్యానెల్ కన్నా పూర్తిగా మూసి, వేడిని గోడ ద్వారా బయటికి పంపే ప్యానెల్ నయం. చల్లటి దేశంలో గీసిన డ్రాయింగును యథాతథంగా ఇక్కడ నిలబెడితే వేసవిలో డ్రైవ్‌లు ట్రిప్ అవడం వింతేమీ కాదు.

డిజైన్ ఎక్కడ జరుగుతుంది, ఎందుకు

పెద్ద బహుళజాతి ఫ్యాక్టరీ ఒక ప్రొడక్షన్ లైన్ కొనేటప్పుడు విడి మోటార్లు, విడి ప్యానెళ్లు కొనదు. ప్యాకింగ్ మెషిన్ అయినా, రోబో సెల్ అయినా కంట్రోల్ ప్యానెల్, ప్రోగ్రామ్, డ్రాయింగులతో కలిపే వస్తుంది. అదే లైన్ ఆ కంపెనీకి వేరే దేశంలోనూ నడుస్తుంటే, డిజైన్ అప్పటికే పూర్తయి ఉంటుంది. ఇక్కడ మిగిలేది అమర్చడం, నడపడం, బాగుచేయడం. అందుకే శ్రీసిటీ వంటిచోట ఎలక్ట్రికల్ వాళ్లకు మెయింటెనెన్స్ పోస్టులు కనిపించినంతగా డిజైన్ పోస్టులు కనిపించవు.

ఇలా వచ్చిన మెషిన్లలో వాడుక కూడా వేరు. మన ప్యానెళ్లలో మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం వైర్లు వాడే అలవాటు బలంగా ఉంది. మెషిన్ల ఎలక్ట్రికల్ భద్రతకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రకారం పవర్ వైర్లు నలుపు, ఏసీ కంట్రోల్ ఎరుపు, డీసీ కంట్రోల్ నీలం. మెయిన్ స్విచ్ ఆపినా కరెంటు ఉండే వైర్లకు నారింజ రంగు. మన ఎలక్ట్రీషియన్ కంటికి నీలం వైరు బీ-ఫేజ్‌లా కనిపిస్తుంది, అక్కడ అది 24 వోల్టుల డీసీ కావచ్చు. నారింజ వైరు సంగతి తెలియకపోతే ప్రమాదం నేరుగా మనిషికే. జపాన్ మెషిన్ అయితే 200 వోల్టులకు, అమెరికా మెషిన్ అయితే 480 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారై ఉండవచ్చు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఎంత సైజుది, దాని తర్వాత షార్ట్‌సర్క్యూట్ కరెంటు ఎంత అనేది ఇక్కడి ఇంజనీరే చూసుకోవాలి. మెయింటెనెన్స్ ఉద్యోగంలో ఉన్నవారికి డిజైన్ పరిజ్ఞానం పనికొచ్చే చోటు ఇది. దీన్ని చిన్నచూపు చూడాల్సిన అవసరం లేదు. విదేశీ డ్రాయింగులు రోజూ చదివే మనిషికి కాలేజీ ఇవ్వలేని చదువు అక్కడ దొరుకుతుంది.

ఇక దేశంలోనే ఆటోమేషన్ పనులు చేసిపెట్టే సిస్టమ్ ఇంటిగ్రేటర్లు, ప్యానెల్ బిల్డర్లు ఎక్కువగా చెన్నై అంబత్తూరు, బెంగళూరు పీణ్య, కోయంబత్తూరు, పుణె వంటిచోట్ల గుమిగూడారు. రేపు కావలసిన ఎంసీసీబీ (పెద్ద సర్క్యూట్ బ్రేకర్) ఈరోజు సాయంత్రానికి దొరికే డీలర్లు, రేకు వంచి పెట్టె చేసే ఫ్యాబ్రికేటర్లు, అనుభవం ఉన్న వైర్‌మన్లు పక్కపక్కనే ఉంటేనే ఈ వ్యాపారం నడుస్తుంది. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 135 కిలోమీటర్లు. చిత్తూరు నుంచి చెన్నై, బెంగళూరు రెండూ నాలుగు గంటల లోపు దూరమే. ఫ్యాక్టరీకి సర్వీసు తెచ్చుకోవడానికి ఈ దగ్గరితనం ఎంత మేలో, ఇక్కడ సొంత డిజైన్ ఆఫీసులు పుట్టడానికి అంత అడ్డు. ఫోన్ చేస్తే అదే రోజు చెన్నై మనిషి వస్తుంటే స్థానికంగా ఆఫీసు తెరవాలన్న ఒత్తిడి ఎవరికీ ఉండదు.

దీనికి భిన్నమైన నమూనా అమరరాజా. 1985లో గల్లా రామచంద్ర నాయుడు మొదలుపెట్టిన ఈ గ్రూపు కేంద్రం ఇక్కడే ఉండటంతో నిర్ణయాలూ ఇక్కడే జరుగుతాయి. కంపెనీ పెద్దదా చిన్నదా అన్నదానికన్నా, ఏ మెషిన్ కొనాలి, దాన్ని ఎలా మార్చాలి అనే అధికారం ఎక్కడ ఉందన్నదే డిజైన్ ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది.

డ్రాయింగ్ లేని ప్యానెళ్లు

ఆ అధికారం స్థానికంగానే ఉన్న యూనిట్లు జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి: పల్ప్ ఫ్యాక్టరీలు, పాల శీతల కేంద్రాలు, గ్రానైట్ యూనిట్లు, రైస్ మిల్లులు. వీటిలో రిలేలతో నడిచే పాత ప్యానెళ్లను పీఎల్‌సీకి మార్చే పని ఉంటుంది. ఇలాంటి పని చాలాసార్లు డ్రాయింగ్ లేకుండా, ఒక కాంట్రాక్టర్ నోటి మాట మీద జరిగిపోతుంది. ధర తక్కువ పడుతుంది, మెషిన్ నడుస్తుంది. ఆ ఖర్చు తర్వాత ఎప్పుడో బయటపడుతుంది.

సీజన్ మధ్యలో రాత్రి మెషిన్ ఆగిందనుకుందాం. వైర్లకు నంబర్ల ఫెర్రుళ్లు (చివర తొడిగే గుర్తులు) లేవు, మధ్యలో ఎవరో కలిపిన రిలే ఎందుకుందో తెలియదు, పీఎల్‌సీకి పాస్‌వర్డ్ ఉంది, అది పెట్టిన మనిషి ఫోన్ ఎత్తడం లేదు. డ్రాయింగ్ ఉంటే పది నిమిషాల్లో దొరికే తప్పు కోసం తెల్లవార్లూ వెతకాలి. మాగిన కాయ ఎదురుచూడదు. గేటు బయట లారీల్లో ఉన్న రైతుకు కూడా ఆ ఆలస్యంలో వాటా పడుతుంది. ప్యానెల్ డ్రాయింగ్ అనే కాగితం నేరుగా రైతు దాకా ముట్టే సంగతి ఇది. దీన్ని ఖర్చు తగ్గించుకునే చోటుగా చూడటం సరికాదు.

భద్రత కూడా ఇక్కడే దెబ్బతింటుంది. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను మామూలు ఇన్‌పుట్‌లా పీఎల్‌సీకి మాత్రమే కలిపేసి వదిలేస్తే, ఔట్‌పుట్ రిలే అతుక్కుపోయిన రోజు బటన్ నొక్కినా మోటార్ ఆగదు. అందుకే రెండు వేర్వేరు కాంటాక్టులు, సేఫ్టీ రిలే, వరుసగా రెండు కాంటాక్టర్లు పెడతారు. ఒకటి అతుక్కున్నా రెండోది కరెంటు తెంచుతుంది, అతుక్కున్న సంగతి పసిగట్టి సేఫ్టీ రిలే మెషిన్‌ను మళ్లీ స్టార్ట్ కానివ్వదు. కన్వేయర్‌లో చెయ్యి పడే వీలున్న ప్రతిచోటా ఇది తప్పనిసరి అనుకోవాలి.

చదువుకూ పనికీ మధ్య

ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ 1959 నుంచి ఉంది, ఐఐటీ తిరుపతి 2015లో వచ్చింది, రెండు జిల్లాల్లో ప్రైవేటు కాలేజీలకు కొదవ లేదు. ఈఈఈలో చెప్పే మెషిన్లు, కంట్రోల్ సిస్టమ్స్ ఈ పనికి గట్టి పునాది. లోటు మధ్యలో ఉంది: కేటలాగ్ చదవడం, ప్రమాణం తెరిచి చూసుకోవడం, వైర్లకు పేర్లు పెట్టడం. ఒకే కాంటాక్టర్ మీద హీటర్ వంటి లోడుకు 32 ఆంపియర్లు, మోటార్ లోడుకు 18 ఆంపియర్లు అని రెండు రేటింగులు ఉంటాయి. మొదటిదాన్ని చూసి మోటార్‌కు పెడితే కాంటాక్టులు త్వరగా కాలిపోతాయి. ఈ తేడా ఐటీఐ చేసిన వైర్‌మన్‌కు చేతిపనిలో తెలిసి ఉంటుంది, ఫస్ట్ క్లాస్ బీటెక్‌కు తెలియకపోవచ్చు. ప్యానెల్ షాపులో కొన్ని నెలలు వైరింగ్ చేసి డిజైన్‌లోకి వచ్చినవారి డ్రాయింగుల్లో స్క్రూడ్రైవర్ దూరని టెర్మినళ్లు, వంగని కేబుళ్లు తక్కువగా ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఆందోళన ఎక్కువ. ఈప్లాన్, ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ వంటివి ఖరీదైనవే. క్యూఎలక్ట్రోటెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సింబల్స్, క్రాస్ రిఫరెన్సులు నేర్చుకోవచ్చు. పైగా ఈ రంగంలో ఒకే రకం పేజీలను మళ్లీమళ్లీ గీసే పని వేగంగా తగ్గిపోతోంది. మోటార్ల జాబితా ఇస్తే తయారుగా ఉన్న మాక్రోలతో (ముందే గీసిపెట్టిన డ్రాయింగ్ ముక్కలతో) పేజీలు వాటంతటవే తయారవుతున్నాయి. కేవలం డ్రాఫ్టింగ్ తెలిసినవారి మీద దీని ఒత్తిడి పడుతుంది. స్టెరిలైజర్ వాల్వు కరెంటు పోతే ఎటు తిరగాలో ఆ జాబితాలో ఉండదు, దాన్ని ప్రాసెస్ తెలిసిన మనిషే చెప్పాలి.

ముందు ఏం మారవచ్చు

విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో శ్రీకాళహస్తి–ఏర్పేడు ఒక నోడ్, అంటే పరిశ్రమల కోసం గుర్తించిన ప్రాంతం. అక్కడికి ఫ్యాక్టరీలు వచ్చినంత మాత్రాన డిజైన్ రాదు, పైన చెప్పిన కారణాలే అక్కడా వర్తిస్తాయి. వాటికి విడిభాగాలు, చిన్న మెషిన్లు, జిగ్‌లు (పనిచేసేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే అమరికలు) చేసిపెట్టే స్థానిక యూనిట్లు పెరిగితే మాత్రం ప్యానెల్ షాపులు వెంట వస్తాయి. డ్రాయింగ్ పని ఇంటి నుంచి కూడా చేయవచ్చు కాబట్టి, చెన్నై, బెంగళూరు ఆఫీసుల్లో అనుభవం సంపాదించి తిరుపతి నుంచి పనిచేసేవారికి వీలు ఉంది. కొత్తగా చదువు ముగించినవారికి ఆ దారి అంత సులభం కాదు, మొదటి రెండు మూడేళ్లు ప్యానెల్ పక్కన నిలబడే గడవాలి.

దీనికన్నా త్వరగా మార్పు తేగలిగినది స్థానిక యజమానుల పర్చేజ్ ఆర్డర్. ప్యానెల్‌కు ఆర్డర్ ఇచ్చేటప్పుడే కమిషనింగ్ తర్వాత సరిచేసిన డ్రాయింగ్, దాని మార్చుకోగల ఫైల్, ఇన్‌పుట్-ఔట్‌పుట్ పట్టిక, కామెంట్లతో ఉన్న ప్రోగ్రామ్ బ్యాకప్, పాస్‌వర్డ్, డ్రైవ్‌ల పారామీటర్ల జాబితా ఇవ్వాలని రాసుకోవచ్చు. వేసవిలో ప్యానెల్ లోపలి వేడి లెక్క కూడా అడగవచ్చు. బిల్లులో కొంత భాగం ఇవన్నీ చేతికి అందాకే చెల్లిస్తామని షరతు పెడితే, డ్రాయింగ్ గీయగల మనిషి కాంట్రాక్టర్‌కు తప్పనిసరి అవుతాడు.